డిశ్చార్జ్ అయిన అప్పు రిపోర్ట్‌లో ఇంకా బతికే ఉంది: చాప్టర్ 7 తర్వాత ఒక క్లయింట్ కేసు

2024 ఫిబ్రవరిలో ఆయన మా ఆఫీసుకి వచ్చినప్పుడు చేతిలో ఒకటే కాగితం, ఇంటి లోన్ ఇవ్వలేమని లెండర్ పంపిన ఉత్తరం. న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర ఉంటారు, ఐటీ కాంట్రాక్టర్. మూడేళ్ళ కిందట చాప్టర్ 7 (చాలా రకాల అప్పుల్ని కోర్టు రద్దు చేసే అమెరికా దివాలా పిటిషన్) వేసి అప్పుల్లోంచి బయటపడ్డారు. అది వేసింది మేము కాదు, వేరే లాయరు. నేను కూడా లాయర్ని కాదు, కన్స్యూమర్ కేసులు చూసే ఒక చిన్న లా ఆఫీసులో పారాలీగల్‌ని. బ్యాంక్‌రప్ట్సీ అయ్యాక క్రెడిట్ రిపోర్టులు సరిచేయించే పని ఎక్కువగా నా బల్ల మీదికే వస్తుంది. ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు తీసేశా.

కూర్చోగానే ఆయన అన్న మొదటి మాట, "ఐపీ పెట్టినవాడికి ఇల్లెవరిస్తారు లెండి, పదేళ్ళు ఆగాల్సిందేనట కదండీ." ఎవరు చెప్పారని అడిగితే అందరూ అన్నారు. మనవాళ్ళలో ఈ "అందరూ" చెప్పే మాటకి ఉన్న బలం ఏ చట్టానికీ లేదు. పదేళ్ళ సంగతి పూర్తిగా అబద్ధం కాదు, అలాగని ఆయన అనుకున్న అర్థంలో నిజమూ కాదు. బ్యాంక్‌రప్ట్సీ అనే ఎంట్రీ రిపోర్ట్‌లో పదేళ్ళు ఉండొచ్చని ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ 605వ సెక్షన్ చెబుతుంది. అంతేగానీ ఆ పదేళ్ళూ లోన్ ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ప్రభుత్వం బీమా ఇచ్చే ఎఫ్‌హెచ్‌ఏ ఇంటి లోన్‌కి చాప్టర్ 7 డిశ్చార్జ్ తేదీ (ఆ అప్పులు ఇక కట్టనక్కర్లేదని కోర్టు ఆర్డరిచ్చిన తేదీ) నుంచి మామూలుగా రెండేళ్ళు, లెండర్ల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే అనే సంస్థ కొనే లోన్లకి నాలుగేళ్ళు. ఈయన పిటిషన్ వేసింది 2021 మార్చి 9న, డిశ్చార్జ్ అయింది అదే ఏడాది జూన్ చివర్లో. అంటే ఎఫ్‌హెచ్‌ఏ లెక్కలో 2023 జూన్‌కే దారి తెరుచుకుంది. మరి ఎందుకు కాదన్నారు?

ఉత్తరం తీసి చదివితే కారణాల్లో బ్యాంక్‌రప్ట్సీ అసలు లేనే లేదు. రాసినవి రెండు: ఆదాయంతో పోలిస్తే అప్పులు ఎక్కువ, చార్జ్-ఆఫ్ అయిన (బ్యాంక్ నష్టం కింద రాసేసుకున్న) ఖాతాల మీద బకాయి ఉంది. ఆయన ఆ పేజీ మడత కూడా విప్పలేదు, పైన "సారీ" అన్న లైను చూసి మూసేశారు. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే, కాదన్న ఉత్తరాన్ని పారేయకండి, అందులో కారణమైనా రాయాలి, అడిగితే కారణం చెప్తామనైనా రాయాలి, ఏ బ్యూరో (క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే కంపెనీ) రిపోర్ట్ చూశారో చెప్పాలి, ఆ ఉత్తరం అందిన 60 రోజుల్లో అడిగితే ఆ బ్యూరో రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. అలాంటి ఉత్తరం చేతిలో లేకపోయినా ఫర్వాలేదు, యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ సైట్‌లో ఇప్పుడు వారానికోసారి ఉచితంగా తీసుకోవచ్చు.

మూడు బ్యూరోల రిపోర్టులూ తీశాం, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్. పక్కన కోర్టు ఫైలు పెట్టుకున్నాం: డిశ్చార్జ్ ఆర్డరు, ఎవరెవరికి అప్పున్నారో రాసిన షెడ్యూల్ ఈ/ఎఫ్, కారు లోన్‌కి వేసిన రీఅఫర్మేషన్ అగ్రిమెంట్ (ఆ లోన్ మాత్రం కడుతూనే ఉంటానన్న ఒప్పందం). ఇవన్నీ ఫెడరల్ కోర్టు ఫైళ్ళు చూసే పేసర్ సైట్‌లో దొరుకుతాయి. తర్వాత ఒక్కో ఖాతా ఒక్కో వరసగా, మూడు బ్యూరోలు మూడు నిలువు గడులుగా వేసి కూర్చున్నా. ఈ పట్టిక వేయడానికి ఒక మధ్యాహ్నం పోతుంది, కానీ ఇది లేకుండా ఉత్తరాలు మొదలుపెడితే తర్వాత ఎవరికేం రాశామో మనకే తెలియదు.

అయిదు క్రెడిట్ కార్డుల్లో నాలుగు బాగానే ఉన్నాయి, బకాయి సున్నా, పక్కన డిశ్చార్జ్ అయిందన్న మాట. అయిదోది రెండు బ్యూరోల్లో చార్జ్-ఆఫ్ అని, 11,840 డాలర్లు ఇంకా కట్టాలని చూపిస్తోంది. ఒక పర్సనల్ లోన్ ఉండేది, అసలు బ్యాంక్ తన ఖాతాని సున్నా చేసేసింది గానీ, అదే అప్పు ఒక డెట్ బయ్యర్ (పాత అప్పుల్ని కొనుక్కుని వసూలు చేసుకునే కంపెనీ) పేరు మీద మూడు చోట్లా కలెక్షన్‌గా కూర్చుంది, 16,300 డాలర్లు. కారు లోన్ ఆయన నెలనెలా కడుతూనే ఉన్నారు, అప్పటికి 35 వాయిదాలు, ఒక్కటీ ఆలస్యం లేదు, కానీ రిపోర్ట్‌లో మాత్రం "బ్యాంక్‌రప్ట్సీలో కలిసింది" అని రాసి కట్టిన చరిత్రంతా ఖాళీ. ఒక బ్యూరోలో బ్యాంక్‌రప్ట్సీయే రెండుసార్లు పడింది. ఇంటిపేరు ముందుండి ఒకటి, చివరుండి ఒకటి! కోర్టులు బ్యూరోలకి ఏమీ పంపవు, పబ్లిక్ రికార్డుల్లోంచి వేరే కంపెనీలు ఏరి ఇస్తాయి, బయటికి కనిపించే కోర్టు కాగితాల్లో సోషల్ నంబరు చివరి నాలుగంకెలే ఉంటాయి. ఇక మన పేర్లేమో వీసాలో ఒకలా, బ్యాంకులో ఒకలా. ఈ గొడవ మన క్లయింట్ల ఫైళ్ళలో నేను చాలాసార్లే చూశా.

ఇక్కడ కాస్త ఆగి లోపల ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే తప్పు ఎక్కడ పుట్టిందో తెలిస్తేనే ఉత్తరం ఎవరికి ఏమని రాయాలో తెలుస్తుంది. బ్యాంకులు బ్యూరోలకి డేటా పంపేది మెట్రో 2 అనే ఒక పద్ధతిలో. అందులో ఒక చిన్న గడి ఉంటుంది, ఇలాంటి కేసుల్లో అందులో పడేది ఒకే అక్షరం. ఏ (A) అని వేస్తే చాప్టర్ 7 పిటిషన్ పడింది, ఈ (E) అని వేస్తే డిశ్చార్జ్ అయింది, ఆర్ (R) అని వేస్తే ఆ అప్పుని రీఅఫర్మ్ చేశారు, అంటే బ్యాంక్‌రప్ట్సీ అయినా కడతానని కోర్టులో సంతకం పెట్టారు. ఆ ఒక్క అక్షరం మీద మనిషి బతుకు ఆడుతుంది. మా క్లయింటు కారు లెండరు ఆర్ (R) వేయాల్సిన చోట ఈ (E) వేసింది, అంతే, మూడేళ్ళ కష్టం కనపడకుండా పోయింది.

డెట్ బయ్యర్ సంగతి ఇంకాస్త మెలిక. 2008లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో మూడు బ్యూరోల మీదా నడిచిన ఒక క్లాస్ యాక్షన్‌లో (చాలామంది తరఫున కలిపి వేసిన దావా) ఒక ఒప్పందం కుదిరింది. చాప్టర్ 7 డిశ్చార్జ్ కనపడగానే, అంతకుముందు నాటి కొన్ని రకాల అప్పుల్ని డిశ్చార్జ్ అయినట్టే బ్యూరోలు భావించుకోవాలి, బ్యాంక్ ప్రత్యేకంగా చెప్పేదాకా ఆగకూడదు. మంచి మార్పే, దానివల్లే ఆ నాలుగు కార్డులూ సున్నాకి వచ్చి ఉంటాయని నా అంచనా. కానీ కంప్యూటర్ "అంతకుముందు నాటి అప్పు" అని గుర్తుపట్టేది ఖాతా తెరిచిన తేదీనీ, అప్పు చెడిన తేదీనీ చూసి. ఈ డెట్ బయ్యరు అప్పుని కొన్నది 2022లో. తాను కొన్న తేదీనే ఖాతా తెరిచిన తేదీగా వేసి, మొదటిసారి వాయిదా తప్పిన తేదీ కూడా 2022 అని పంపేసింది. నిజానికి ఆయన కట్టడం ఆపింది 2020 అక్టోబర్లో, ఉద్యోగం పోయినప్పుడు. ఇలా తేదీ జరపడాన్ని మా వాళ్ళు రీ-ఏజింగ్ అంటారు. దాంతో బ్యూరో కంప్యూటర్‌కి ఇది బ్యాంక్‌రప్ట్సీ అయ్యాక కొత్తగా చేసిన అప్పులా కనపడింది, ఈమధ్యే దివాలా తీసిన మనిషి మళ్ళీ 16,300 ఎగ్గొట్టినట్టు! లోన్ ఆఫీసర్ని తప్పుపట్టడానికేం లేదు, ఆ కాగితం చూస్తే నేనూ ఇవ్వను.

తేదీ జరిగితే ఇంకో నష్టం ఉంది. మామూలు చెడ్డ ఖాతా రిపోర్ట్‌లో ఉండగలిగేది ఏడేళ్ళు, వాయిదాలు తప్పడం మొదలైన 180 రోజుల తర్వాత నుంచి చట్టం లెక్కపెడుతుంది. 2020 అక్టోబర్ అంటే ఎంత లాగినా 2028 వసంతానికి పోవాలి. అదే 2022 అని వేస్తే 2029 దాకానో 2030 దాకానో కూర్చుంటుంది. అప్పు అమ్ముడుపోయినా చేతులు మారినా మొదటి తేదీ మారకూడదు.

ఇక ఆయన చేసిన పొరపాటు ఒకటి. మా దగ్గరికి రాకముందే ఒక క్రెడిట్ రిపేర్ కంపెనీకి 1,500 డాలర్లు ముందుగానే కట్టారు. "బ్యాంక్‌రప్ట్సీని తుడిచేస్తాం" అన్నారట. నిజంగా జరిగిన, సరిగ్గా రిపోర్ట్ అయిన బ్యాంక్‌రప్ట్సీని పదేళ్ళ లోపు ఎవరూ తుడవలేరు, తుడుస్తామన్నవాళ్ళ మాట నమ్మకండి. పైగా పని పూర్తి కాకముందే డబ్బు తీసుకోవడం 1996 నాటి క్రెడిట్ రిపేర్ ఆర్గనైజేషన్స్ యాక్ట్ ప్రకారం నేరుగా తప్పు. ఆ కంపెనీ చేసిందల్లా ప్రతి ఖాతా మీదా "ఇది నాది కాదు" అని అచ్చు కొట్టిన ఉత్తరాలు పంపడం. ఆయనవే అని అందరికీ తెలిసిన కార్డుల్ని నావి కావంటే బ్యూరో ఏం చేస్తుంది, పసలేని డిస్ప్యూట్ (రిపోర్ట్‌లో తప్పుందన్న అభ్యంతరం) అని పక్కన పెట్టింది, ఆ హక్కు దానికి ఉంది కూడా. మేము పెట్టబోయే అసలు డిస్ప్యూట్లకి ఈ చెత్త అడ్డం పడుతుందేమోనని నాకు కొంచెం టెన్షన్ వేసింది. డబ్బు సంగతి మా అటార్నీ రెండు ఉత్తరాలు రాస్తే తిరిగొచ్చింది.

మార్చి మొదటి వారంలో పంపాం. ఒక్కో ఖాతాకి ఒక్కో ఉత్తరం, ఒక్కో బ్యూరోకి విడిగా, సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు సంతకం తిరిగొచ్చేలా. ఆన్‌లైన్‌లో నొక్కితే అయిదు నిమిషాల పనే, అయినా ఇలాంటి కేసుల్లో నేను కాగితమే వాడతా, జతపరచిన కాగితాలు ఏమిటో, అవతలివాళ్ళకి ఎప్పుడు చేరాయో రుజువుంటుంది. ప్రతి ఉత్తరంలో తప్పు ఏమిటో ఒక వాక్యం, ఎలా ఉండాలో ఒక వాక్యం, డిశ్చార్జ్ ఆర్డరు కాపీ, షెడ్యూల్‌లో ఆ అప్పిచ్చినవాడి పేరున్న పేజీ మాత్రమే, డ్రైవింగ్ లైసెన్సు, అడ్రసు రుజువు. సెక్షన్ నంబర్లతో నింపేసి భయపెట్టే ఉత్తరాలు ఇంటర్నెట్‌లో చాలా దొరుకుతాయి, చదివేవాడికి అవి ఏ విషయమూ చెప్పవు.

బ్యాంకుకే నేరుగా రాస్తే సరిపోదా అని ఆయన అడిగారు. రాయొచ్చు, కానీ రేపు కోర్టుకెళ్ళాల్సి వస్తే, తప్పు సమాచారం ఇచ్చిన బ్యాంక్ మీద మనం దావా వేయగలిగేది బ్యూరో ద్వారా డిస్ప్యూట్ వెళ్ళాక వాళ్ళు సరిగ్గా విచారించకపోతేనే. అందుకే బ్యూరో దారి తప్పదు. బ్యూరో అయిదు పనిదినాల్లో ఆ విషయం బ్యాంకుకి చేరవేయాలి, 30 రోజుల్లో తేల్చాలి. చట్టం ప్రకారం ఏడాదికోసారి వచ్చే ఉచిత రిపోర్ట్ చూసి పెట్టిన డిస్ప్యూట్ అయితే 45 రోజుల దాకా తీసుకోవచ్చు.

ఒక బ్యూరో 19 రోజుల్లో అన్నీ సరిచేసి పంపింది, నాకే ఆశ్చర్యం. రెండోది కార్డుని సున్నా చేసింది, రెండుసార్లు పడ్డ బ్యాంక్‌రప్ట్సీని ఒకటి చేసింది, డెట్ బయ్యర్ ఖాతా మీద మాత్రం "వెరిఫై అయింది, మార్పు లేదు" అంది. మూడోది చేసిన పని చూసి నేను తల పట్టుకున్నా: కారు లోన్ "బ్యాంక్‌రప్ట్సీలో కలవలేదు, రీఅఫర్మ్ అయింది" అని రాస్తే, మొత్తం కారు ఖాతానే తీసి పారేసింది. 35 నెలల మంచి చరిత్ర ఉన్న ఏకైక పాత ఖాతా! అడిగింది దిద్దమని, వాళ్ళు చింపేశారు. తీసేయడం వాళ్ళకి సులువు. మళ్ళీ లెండరు చేత ఆర్ కోడుతో మొదటి నుంచీ పంపించడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అప్పటినుంచి మంచి ఖాతా ఉన్నప్పుడు నా ఉత్తరం మొదటి లైన్లోనే "ఈ ఖాతాని తీసేయవద్దు, సరిదిద్దండి" అని రాస్తున్నా.

డెట్ బయ్యర్ విషయంలో మూడో బ్యూరో నుంచి వచ్చిన జవాబు ఇంకోలా ఉంది, అలాంటి ఖాతా మా దగ్గర లేదు అని. అది నా తప్పే. అసలు బ్యాంక్ ఖాతా నంబరు చివరి అంకెలు వేశా, డెట్ బయ్యరు తనకంటూ కొత్త నంబరు పెట్టుకుంటాడన్నది తెలిసి కూడా. ఆరు వారాలు పోయాయి. ఆయనకి ఫోన్ చేసి చెప్పా, "నా వల్లే ఆలస్యమయిందండీ" అని. "మూడేళ్ళు ఆగాం, ఆరు వారాలకేముందండీ" అన్నారు గానీ, ఆయన చూసిన ఇల్లు ఈలోగా వేరేవాళ్ళకి అమ్ముడుపోయింది.

వెరిఫై అయిందన్న బ్యూరోకి, ఎలా వెరిఫై చేశారో చెప్పమని రాశాం, అడిగితే 15 రోజుల్లో చెప్పాలి. వచ్చిన జవాబు రెండు పేరాల మామూలు మాటలు. లోపల జరిగేది అందరికీ తెలిసిందే, మన ఉత్తరం సారాంశం ఒకటో రెండో కోడ్లుగా మారి ఈ-ఆస్కార్ అనే వ్యవస్థలో డెట్ బయ్యరుకి వెళ్తుంది, వాళ్ళు తమ కంప్యూటర్లో ఉన్నదానితో పోల్చి "సరిపోయింది" అంటారు. తప్పుని తప్పుతోనే పోలిస్తే సరిపోక ఏమవుతుంది! రెండో విడత ఉత్తరాలు బ్యూరోకి మేము పంపాం, అదే రోజు మా అటార్నీ డెట్ బయ్యరుకి విడిగా రాశారు, డిశ్చార్జ్ ఆర్డరు వసూలు చేయడాన్ని నిషేధిస్తుందని, బ్యాంక్‌రప్ట్సీ చట్టం 524వ సెక్షన్ గుర్తు చేస్తూ. రిపోర్ట్‌లో ఉంచడం ఒక్కటే ఆ నిషేధాన్ని ఉల్లంఘించినట్టా అన్నదాని మీద కోర్టులన్నీ ఒక్క మాట మీద లేవు. కానీ ఈ కంపెనీ 2023లో ఆయనకి రెండుసార్లు వసూలు ఉత్తరాలు కూడా పంపింది, అవి ఆయన దాచుకున్నారు. ఆ రెండు కాగితాలే పని చేశాయని నా నమ్మకం. మూడు వారాల్లో మిగిలిన రెండు బ్యూరోల నుంచీ ఖాతా తీసేశారు.

ఈలోగా ఆయన భార్య రిపోర్ట్ కూడా చూడమన్నారు. ఆవిడ బ్యాంక్‌రప్ట్సీ వేయలేదు, ఆయన కార్డొకదానికి ఆథరైజ్డ్ యూజర్ మాత్రమే, అంటే ఆ అప్పు కట్టాల్సిన బాధ్యత ఆవిడది కాదు. అయినా ఆవిడ రిపోర్ట్‌లో ఆ కార్డు మీద బ్యాంక్‌రప్ట్సీ మాట పడి ఉంది. ఒక్క ఉత్తరంతో పోయింది. దంపతుల్లో ఒకరే వేసినప్పుడు ఇంకొకరి రిపోర్ట్ తీసి చూడటం చాలామంది మర్చిపోతారు.

ఆయన అడిగినవాటిలో నేను కాదన్నవీ ఉన్నాయి. స్టూడెంట్ లోన్ని కూడా డిస్ప్యూట్ చేద్దామన్నారు, అది డిశ్చార్జ్ కాలేదు, ఉన్నది ఉన్నట్టే ఉంది, ముట్టుకోవద్దన్నా. పిటిషన్ వేయకముందు కార్డుల మీద పడ్డ లేట్ మార్కులు తీయించమన్నారు, అవి నిజం, ఏడేళ్ళు ఉంటాయి, డిశ్చార్జ్ బకాయిని చెరుపుతుంది గానీ జరిగినదాన్ని చెరపదు. కోవిడ్ సమయంలో ఉద్యోగం పోయిందని వంద మాటల వివరణ రిపోర్ట్‌లో చేర్చుకునే హక్కు ఉంది కదా అన్నారు, ఉంది, స్కోరుకి దానితో పనిలేదు, వదిలేయమన్నా. పదేళ్ళు డిశ్చార్జ్ నుంచి లెక్క అనుకుంటున్నారు, మీరే వేసుకున్న కేసులో పిటిషన్ తేదీ నుంచే అని చెప్తే మూడు నెలలు కలిసొచ్చాయని సంబరపడ్డారు.

ఒక్క విషయంలో మాత్రం నా దగ్గర మంచి కబురు లేదు. 75,000 డాలర్లు, ఆపైన జీతం ఉన్న ఉద్యోగం కోసం తీసే రిపోర్టుకి ఈ ఏడేళ్ళ, పదేళ్ళ పరిమితులు వర్తించవని అదే 605వ సెక్షన్లో ఉంది, ఐటీలో ఉన్న మనవాళ్ళలో చాలామంది ఆ గీత దాటినవాళ్ళే. పైగా న్యూజెర్సీ థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు కిందికి వస్తుంది. బ్యాంక్‌రప్ట్సీ కారణంగా ఉన్న ఉద్యోగం తీసేయకూడదు గానీ, కొత్తగా తీసుకోవడానికి ప్రైవేటు కంపెనీ నిరాకరించవచ్చని ఆ కోర్టు 2010లో చెప్పింది. కాంట్రాక్టు మారే ప్రతిసారీ ఆయన సంతకం లేకుండా రిపోర్ట్ తీయలేరు, అది చూసి వద్దనేముందు కాపీ ఇవ్వాలి. ఆయనకి చేతిలో ఉన్నది అదే.

జులై చివరికి మూడు రిపోర్టులూ శుభ్రంగా వచ్చాయి. మూడు స్కోర్లలో మధ్యది ఫిబ్రవరిలో 583, ఆగస్టులో 652. స్కోరు లెక్కలో ఎఫ్‌హెచ్‌ఏకి మూడున్నర శాతం డౌన్‌పేమెంట్‌తో 580 చాలు. 583తోనూ ఆయన ఆ గీత దాటినట్టే, లెండర్లు తమకంటూ ఇంకాస్త ఎక్కువ పెట్టుకుంటారు, అది వేరే సంగతి. ఆయన్ని ఆపింది స్కోరు కన్నా ఆ 28,140 డాలర్ల దెయ్యపు బకాయి. అక్టోబర్లో లోన్ క్లోజ్ అయింది.

నవంబర్లో ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. అదే పర్సనల్ లోన్, అదే 16,300, కొత్త కలెక్షన్ కంపెనీ పేరుతో ఉత్తరం. కింద ఆయన టైప్ చేసింది, "మళ్ళీ ఎవరో కొనుక్కున్నారండీ, పాపం." డిశ్చార్జ్ ఆర్డరు కాపీ, పాత డెట్ బయ్యరు ఖాతా తీసేసినట్టు ఇచ్చిన జవాబు, రెండూ జతచేసి ఆయనే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపారు, నాకు కాపీ పెట్టారంతే. ఫైల్ మూసేశామని వాళ్ళ ఉత్తరం పన్నెండో రోజున వచ్చింది.